సముద్రపు గాలిలో గెలుపు చెల్లదన్నాను

కొత్తగా పీఈటీ ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తారు. "బాషా సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. నేను మొదలుపెట్టి పది నిమిషాలు కాకముందే వాళ్ళ చేతులు ఫోన్ల మీదికి పోతాయి. అందుకని రాయడమే మేలనిపించింది. చదవడం ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు, నాకేం కోపం రాదు. వస్తుంది గానీ మీకు తెలియదు.

నెల్లూరు జిల్లా బడుల్లో ముప్పై మూడేళ్ళు వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేశాను. ఎండలో సున్నంతో గీతలు గీశాను, ఈల ఊదాను, లెక్కల మాస్టారు సెలవు పెట్టినప్పుడల్లా ఆయన క్లాసులో కూర్చుని గోల అణిచాను. ఎప్పుడు ఏ గ్రేడొచ్చిందో, ఎక్కడికి బదిలీ అయ్యానో మీకు అక్కర్లేదు. ఆ ఉద్యోగంతోపాటు ఇంకో పని ఇరవై రెండేళ్ళు చేశాను. అదే నా అసలు పని అనుకునేవాణ్ణి. రేపు మీలో ఒకరిద్దరు అలాంటి కుర్చీలో కూర్చోకపోరు, కాబట్టి దాని గురించే చెప్తాను.

మా ఆట, మా బోర్డు

మాది బాల్ బ్యాడ్మింటన్. పేరు చెప్పగానే "షటిలా సార్?" అంటారు. కాదు. ఉన్నితో చేసిన పసుపుపచ్చ బంతి, అటు ఐదుగురు, ఇటు ఐదుగురు, ఆరుబయట మట్టి కోర్టు. టీవీలో రాదు. పేపర్లో వస్తే జిల్లా పేజీలో, పెళ్ళి ప్రకటన పక్కన రెండు లైన్లు వస్తుంది. ఇంత చిన్న ఆటకు గౌరవం ఎవరిస్తారు? మేమే ఇచ్చుకోవాలని పాత ఆటగాళ్ళం కొందరం ఒక సంఘం పెట్టుకున్నాం. నెల్లూరులో ఒక మేడ మీద అద్దె హాలు. ఆ హాల్లో గోడకు ఒక టేకు చెక్క. దాని మీద తెల్ల పెయింటుతో "కీర్తి ఫలకం" అని రాయించాం. మేమంతా బోర్డు అనేవాళ్ళం.

బోర్డు మీద ఎవరి పేరు ఎక్కాలో తేల్చడానికి ముగ్గురం. పెద్దాయన రామలింగం మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు, ఒకప్పుడు మా ఆటలో మొనగాడు. రెండోవాణ్ణి నేను. మూడో ఆయన మాస్టారు ఎటు తలాడిస్తే అటు తలాడించేవాడు, ఆయన పేరు చెప్పక్కర్లేదు. ఇరవై రెండేళ్ళలో మేం ఎక్కించింది పదకొండు పేర్లు. "ఏందబ్బా, మీ బోర్డుకు ఆకలి కాదా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. మాకది పొగడ్తలా ఉండేది.

ఓడినవాళ్ళ మాట

మాస్టారు పెట్టిన నియమం ఒకటుంది. మెడల్స్, సర్టిఫికెట్లు తెచ్చి టేబుల్ మీద పరిస్తే ఆయన చూసేవాడు కాదు. "ఇవన్నీ ట్రంకు పెట్టెలో పెట్టుకో నాయనా, ముందు నీ చేతిలో ఓడినోళ్ళను ముగ్గుర్ని తీసుకురా" అనేవాడు. తోటి ఆటగాళ్ళు పొగుడుతారు, కోచ్‌లు తమ గొప్ప చెప్పుకుంటారు. ఓడినవాడికి మాత్రం ఎదుటివాణ్ణి పొగడాల్సిన పని లేదు. ముగ్గురు ఓడినవాళ్ళు వచ్చి, ఎక్కడ ఓడామో, ఏ దెబ్బకు ఓడామో చెప్పాలి. చెప్పేటప్పుడు ఆ మనిషి ముఖం చూడాలి. కడుపులో ఇంకా మంట ఉంటే అది నిజమైన సాక్ష్యం.

గూడూరులో రాకెట్లకు గట్ బిగించే మస్తాన్ పేరు వచ్చినప్పుడు, ఆయన చేతిలో ఓడిన ఒకాయన తడ నుంచి బస్సులో వచ్చాడు. అరవై దాటిన మనిషి. కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పాడు: "వాడు ఎడమచేతి వాటం సార్. బంతి కుడికి పోతాదనుకుంటే నెట్టు దాటి మెత్తగా కాళ్ళ ముందర పడేది. ఆ పొద్దు నేను మూడుసార్లు బోర్లా పడినాను. మా మామగారు చూస్తా ఉన్నాడు. ఈ పొద్దుకీ ఆ మస్తాన్‌గాడి మొహం చూస్తే నాకు ఒళ్ళు మండతాది. పేరు రాయండి." మాస్టారు పగలబడి నవ్వి, పెయింటర్‌ను ఆ రోజే పిలిపించాడు.

ఇంతకంటే మంచి పద్ధతి నేనెక్కడా చూడలేదు. ఇప్పటికీ అదే అంటాను. చెడింది పద్ధతి వల్ల కాదు, నా వల్ల.

పెద్దవాళ్ళను కాదనడం

దీని గురించి ఎక్కువ రాయను. ఒక రొయ్యల ఎగుమతిదారు తన తమ్ముడి పేరు ఎక్కించమన్నాడు. హాలుకు ఏసీ పెట్టిస్తానన్నాడు. "నీ తమ్ముడి చేతిలో ఓడిన ముగ్గుర్ని చూపించయ్యా" అన్నాను. ఆయన వెతికి వెతికి ఒకణ్ణి పట్టుకొచ్చాడు. వాడు ఆయన దగ్గరే డ్రైవరు. ఊరంతా ఆ సంగతి చెప్పుకుని నవ్వింది. బాషా సార్ నిప్పు అన్నారు. బజార్లో నన్ను చూసి లేచి నిలబడ్డవాళ్ళున్నారు.

పిల్లలూ, అలాంటి నిప్పును చూసి మోసపోకండి. పెద్దవాణ్ణి కాదంటే పేరొస్తుంది, కాబట్టి అది కష్టమేమీ కాదు. నేను ఆ పేరును మరిగాను. ఎవరొచ్చినా ముందు కాదనడం, తర్వాత కారణం వెతకడం అలవాటైంది. ప్రమాణాలు కాపాడుతున్నానని నన్ను నేను నమ్మించుకున్నాను. సలోమిని కాదన్నది ఆ రోజుల్లోనే.

సలోమి

వాకాడు దాటి సముద్రం వైపు పోతే ఉండే చిన్న పల్లె ఆమెది. రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పని చేసేది. ఆ పల్లె చర్చి పక్కన ఒక కోర్టుంది. ఈస్టర్‌కు అక్కడ పోటీలు పెడతారు, చుట్టుపక్కల జట్లన్నీ వస్తాయి. సలోమిని ఇంట్లోవాళ్ళు బయటి ఊళ్ళ పోటీలకు పంపేవాళ్ళు కాదు. ఆమె ఆడిందంతా ఆ ఒక్క కోర్టులోనే.

ఆ ఏడాది ఒక రెసిడెన్షియల్ స్కూలువాళ్ళు ఆడపిల్లలకు బాల్ బ్యాడ్మింటన్ కోచ్ కావాలని మమ్మల్ని అడిగారు. "డిగ్రీ లేకపోయినా ఫర్వాలేదు, మీ బోర్డు మీద పేరుంటే చాలు, మాకు అదే సర్టిఫికెట్" అన్నారు. బోర్డు మీద బతికున్న ఆడమనిషి పేరు ఒక్కటీ లేదు. సలోమి పదో తరగతితో ఆగిపోయింది. ఆమెకు రొయ్యల గంపల్లోంచి బయటపడే దారి ఏదైనా ఉందంటే అది మా చెక్క మీద ఒక లైను తెల్ల పెయింటు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

ఆమె తరఫున ముగ్గురు ఓడినవాళ్ళొచ్చారు. ముందు మాట్లాడింది రమణమ్మ. కృష్ణపట్నం దగ్గర ఒక పవర్ ప్లాంటు క్యాంటీన్లో వంటచేసే మనిషి. షిఫ్టు మార్చుకుని కంపెనీ జీపులో వచ్చింది.

"ఆమె కొడితే చప్పుడు రాదు సార్. బంతి మన వెనకమాల పడినాక తెలుస్తాది. నాలుగేండ్లు వరసగా పోయినాము, నాలుగేండ్లూ ఓడినాము. ఐదో ఏడు మా కెప్టెనమ్మ, ఈ పాలి దానికి జరమో కాయిలానో రావాలని మొక్కుకునింది సార్."

మాస్టారు నవ్వాడు. మిగతా ఇద్దరూ అలాగే చెప్పారు. ఇద్దరి ముఖాల్లోనూ మంట ఉంది. మాస్టారు పెన్ను మూత తీశాడు. అప్పుడు నేను అడిగాను.

"మీరు ముగ్గురూ యాడ ఓడినారమ్మా?"

"వాళ్ళ ఊళ్ళోనే సార్. చర్చి కోర్టులో."

నేను మినిట్స్ పుస్తకం తెరిచి ఏడేళ్ళ కిందటి పేజీ చూపించాను. 'సముద్రతీరాన ఉన్న ఆరుబయలు కోర్టులలో జరిగిన పోటీలు పరిగణనకు రావు.' నా చేతిరాతే. అది రాయించినప్పుడు మాస్టారు ఎందుకని అడిగాడు. "అక్కడ ఆడేది గాలి మాస్టారూ, మనిషి కాదు" అని చెప్పాను. ఉన్ని బంతికి గాలి తగిలితే ఎటైనా పోతుంది, అందులో అబద్ధం లేదు. మాస్టారు నన్ను నమ్మి సంతకం పెట్టాడు.

పెన్ను మూత మళ్ళీ పెట్టేశాడు. రమణమ్మకు కోపం వచ్చింది. "గాలి మాకు తెలవదా సార్? ఆ గాల్లోనే పుట్టినాం. గాలికి ఓడితే గాలికి ఓడినామంటాం గానీ, ఇంత దూరం వచ్చి దాని పేరు చెప్తామా?" అంది. నేను నియమం అన్నాను. నియమం నియమమే అని రెండోసారి కూడా అన్నాను.

సలోమి వరండాలో నిలబడి వింటూ ఉంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. నేను బయటికొచ్చాక ఆమె గట్టిగా కాదు, మామూలుగానే అడిగింది. "మీరు మా ఊరొచ్చి ఆడినారు గదా సార్?"

మాస్టారు నా వెనకే గుమ్మంలో ఉన్నాడు.

"నాకు గుర్తు లేదమ్మా" అన్నాను.

ఆమె చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది. మాస్టారు నా వైపు ఒకసారి చూసి, "నువ్వు అక్కడ ఆడినావా బాషా?" అన్నాడు. "ఎప్పుడో క్యాంపులో మాస్టారూ, సరిగా జ్ఞాపకం లేదు" అన్నాను. ఆయన సరే అన్నాడు. మరి ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

స్కూలువాళ్ళు వేరే జిల్లా నుంచి ఒక కోచ్‌ను తెచ్చుకున్నారు. సలోమి మరో రెండేళ్ళు రొయ్యల తలలు తీసి, వేళ్ళు పాసిపోతుంటే మానేసి, తడ దగ్గర చెప్పుల కంపెనీలో చేరింది.

ఆ సాయంత్రం ఆట

నాకు బాగా గుర్తుంది. అసలు మర్చిపోతే గదా.

ఆ నియమం రాయడానికి ముందు సంవత్సరం వాకాడులో పీఈటీలకు పది రోజుల శిక్షణ శిబిరం జరిగింది. ఒక సాయంత్రం సరదాగా ఆ పల్లెకు పోయాం. ఐదుగురం రాష్ట్రస్థాయి ఆటగాళ్ళం, యూనివర్సిటీ బ్లేజర్లు వేసుకున్నవాళ్ళం. వాళ్ళ జట్టులో ముగ్గురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. మిగతా మగవాళ్ళు చేపల వేటకు పోయారట. "అమ్మాయిలతో ఏం ఆడతాం, పోదాం పాండి" అన్నది నేనే. అయినా మావాళ్ళు సరదాకి దిగారు, నేనూ దిగాను.

చెరొక గేమ్ గెలిచాం. మూడో గేమ్‌లో పదిహేను పాయింట్ల దగ్గర కోర్టు మారాలి, అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు. అప్పటికి మాకు పదిహేను, వాళ్ళకు ఎనిమిది. అప్పటిదాకా సలోమి వెనక ఆడుతూ ఉంది. కోర్టు మారేటప్పుడు వాళ్ళ కెప్టెన్ ఆమెను మధ్యలోకి పిలిచాడు. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. పరికిణీ దోపుకుని నిలబడింది.

కోర్టు మారాక గాలి మాకు వెనక నుంచి వచ్చింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, కాబట్టి మళ్ళీ రాస్తాను. గాలి మా వెనక నుంచి వచ్చింది, వాళ్ళకు ఎదురుగా ఉంది. మేం తేలిగ్గా కొట్టినా బంతి దూసుకుపోతుంది. ఆమె మాత్రం సముద్రానికి ఎదురుగా నిలబడి కొట్టాలి. అలా కొడితే మామూలుగా బంతి సగంలో ఆగి పడిపోతుంది. ఆమె కొట్టిన బంతి నెట్టు మీద జానెడు ఎత్తులో, నేలబారుగా వచ్చి మా వెనక మూలలో పడేది. ఒకటి కాదు, రెండు కాదు. నేను వెనక ఎడమ మూల. నన్నే ఏరుకుంది. నేను ముందుకు జరిగితే వెనక, వెనక్కి పోతే ముందు. చర్చి గోడ మీద కూర్చున్న ఆడవాళ్ళు ఒకటే నవ్వు. ఇరవై మూడు దగ్గర మేం ఆగిపోయాం. వాళ్ళు ఇరవై తొమ్మిది కొట్టేశారు, గేమ్ వాళ్ళది.

తిరిగి వస్తూ బస్సులో ఒకడు "గాలబ్బా, మన బంతులన్నీ బయటికి పోయినాయి" అన్నాడు. అందరం గాలి గాలి అనుకున్నాం. బయటికి పోయింది మూడు బంతులు. నేను లెక్కపెట్టాను. మిగతావన్నీ ఆమె తీసుకుంది.

మరుసటి సంవత్సరం నేను ఆ నియమం రాశాను. ప్రమాణం కోసమని చెప్పాను. ఆ ఒక్క సాయంత్రాన్ని చెల్లకుండా చేయడానికి వాకాడు నుంచి తడ దాకా ఉన్న ప్రతి కోర్టునూ, వాటిలో ఆడే ప్రతి మనిషినీ చెల్లకుండా చేశాను. మా పదకొండు పేర్లలో సముద్రం ఒడ్డువాళ్ళు ఒక్కరూ లేరు. అందుకు కారణం ఎవరికీ తట్టలేదు. తీరంవాళ్ళకు ఆట రాదనుకున్నారు.

ముగ్గురు ఓడినవాళ్ళు కావాలన్నది మాస్టారి నియమం. ఆ రోజు ఆ గదిలో ఆమె చేతిలో ఓడినవాళ్ళు నలుగురున్నారు. నాలుగోవాణ్ణి జడ్జి కుర్చీలో కూర్చున్నాను.

నలభై పేర్లు

మాస్టారు పోయారు. నేను రిటైరయ్యాను. సంఘానికి కొత్త అధ్యక్షుడొచ్చాడు, పోర్టుకు లారీలు తిప్పే మనిషి. మంచివాడే, అందరూ సంతోషంగా ఉండాలనుకుంటాడు. ఆటను వాడంత బాగా ఎవరూ చంపలేరు. టేకు చెక్క తీసేసి నల్ల గ్రానైట్ పలక పెట్టించాడు. ఒకేసారి నలభై పేర్లు. ఎంపికకు కావాల్సింది ఒక పాస్‌పోర్ట్ ఫోటో, ఆధార్ జిరాక్స్. ఏసీ ఇస్తానన్న ఆయన తమ్ముడి పేరు మూడో లైనులో ఉంది. ఫ్లెక్సీలు ప్రింటు చేసేవాడి పేరు కూడా ఉంది. వాడు చిన్నప్పుడు ఆడేవాడట.

ముప్పై ఆరో పేరు సలోమిది. ఎవరో గుర్తుపెట్టుకుని ఇచ్చారు.

నేను అధ్యక్షుడి ఇంటికి పోయాను. "సలోమి గురించి నేను సాక్ష్యం చెప్పాలి. ఆమె చేతిలో ఓడినవాణ్ణి" అన్నాను.

"సాక్ష్యమెందుకు సార్, అదంతా తీసేసినాం గదా" అన్నాడు. నా ముఖం చూసి జాలిపడి, "సరే, పలక ఆవిష్కరణ ఫంక్షన్లో రెండు ముక్కలు మాట్లాడండి. చీఫ్ గెస్ట్ వచ్చేలోపల ముగించేయండి" అన్నాడు.

ఫంక్షన్ హాల్లో మైకు నా చేతికొచ్చింది. "నేను పీఈటీగా ఉన్నప్పుడు వాకాడు దగ్గర ఒక ఆటలో..." అన్నాను, అంతే. బయట డప్పులు మోగాయి. కార్లు వచ్చేశాయి. యాంకరమ్మాయి నవ్వుతూ వచ్చి, "థ్యాంక్యూ సార్, పెద్దవారు బాషా సార్‌కు ఒకసారి చప్పట్లు" అని మైకు తీసుకుంది. జనం చప్పట్లు కొట్టారు. దేనికి కొట్టారో నాకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు. శాలువా కూడా కప్పారు.

పేర్లు పిలిచి జ్ఞాపికలు ఇచ్చారు. ముప్పై ఆరు వచ్చేసరికి జనం భోజనాల వైపు లేచారు. సలోమి కంపెనీ యూనిఫారంలోనే ఉంది, సగం షిఫ్టుకు పర్మిషన్ పెట్టి వచ్చిందట. జ్ఞాపిక తీసుకుని, ఫోటోకు నిలబడి, భోంచేయకుండా గేటు దగ్గరికి పోయింది. అక్కడికి కంపెనీ బస్సు వస్తుంది. నేను శాలువా చేత్తో పట్టుకుని ఆమె వెనకే పోయాను. నలభై దాటి ఉంటాయి ఆమెకు. జుట్టు నెరిసింది.

"సలోమీ, నేను బాషా సార్‌ని."

"తెలుసు సార్."

ఎన్నిసార్లు మనసులో అనుకున్నానో ఆ మాటలు. అయినా నత్తి వచ్చినట్టు చెప్పాను. ఆ సాయంత్రం నాకు గుర్తుందని, గుర్తు లేదన్నది అబద్ధమని, కోర్టు మారాక గాలి మా వైపే ఉందని, ఎదురుగాలిలో ఆమె మమ్మల్ని ఓడించిందని. ఇంత ఆట నా జీవితంలో చూడలేదని. చెప్తూ ఏడ్చాను, సిగ్గుపడకుండా రాస్తున్నాను.

ఆమె చివరిదాకా విన్నది. కోపం రాలేదు ఆమెకు. వస్తే బాగుండేది.

"ఈ మాట రామలింగం సారుకు చెప్పినారా?" అంది.

"లేదమ్మా."

"ఆ స్కూలోళ్ళకు?"

"లేదు."

బస్సు మలుపు తిరిగి వస్తూ ఉంది. ఆమె జ్ఞాపికను సంచిలో పెట్టుకుని, సంచి భుజానికి తగిలించుకుంది.

"మరి నాకెందుకు సార్ చెప్తా ఉండారు? ఆ పొద్దు నేను అక్కడే ఉన్నాను గదా."